ఘాట్ దిగే రాయిబండి

బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున్నే నీ ఫొటోకి దండ వేసి, మన శారద వాళ్ళ స్కూల్లో చర్చాపోటీకి వెళ్ళాను. పెట్రోలు, బొగ్గు, ఇనుపరాయి రేపటివాళ్ళకి మిగులుతాయా అన్నది విషయం. మన కిరండూల్ ఇనుపరాయి కొండని నెమ్మదిగా తవ్వాలని శారద వాదించింది. గనిలో పనిచేసే అప్పారావు అన్నయ్య వినేవాళ్ళలోంచి వెంటనే లేచాడు.

"తవ్వకం తగ్గితే మనమేటి తింటామే? మీ నాన్న రాయిబండి నడిపే కదా నిన్ను చదివించాడు!"

శారద అన్నయ్య వైపు తిరిగింది.

"ఆపీమనట్లేదు మావయ్యా. రాయి లోడుతో గూడ్సురైలు ఘాట్ దిగినప్పుడు చెయ్యి బ్రేకు మీదే ఉండాలని నాన్న చెప్పీవోడు. అప్పుడే బండి విశాఖ చేరుతాదనీవోడు. తవ్వకం కూడా అలాగే సాగాలంటన్నాను."

మొదట చప్పట్లు కొట్టింది అప్పారావు అన్నయ్యే.

బహుమతి వేరే పిల్లకి వచ్చింది. అయినా ఇంటికి వచ్చే దారంతా వాళ్ళిద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు, రాయి అయిపోయాక ఈ ఊరు ఏ పని మీద బతకాలని. శారద దగ్గర చాలా ఆలోచనలున్నాయి బావా.

ఆ బ్రేకు మాట నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. శారదకి ఇంకా ఏమేం చెప్పావో రోజుకొకటి అడిగి తెలుసుకుంటాను.

నీ
లక్ష్మి