పేగు తంతి

ఖబూరా,
17-1-1992, శుక్రవారం.

నన్ను చేతుల మీద పెంచిన దేవవ్వ వదినకు,

నర్సింగ్ దండాలు పెట్టి రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నావని, ఇకమీదట నా ఉత్తరాలు ఇంకొకరితో చదివించుకునే పని లేదని రాశావు. నా పేరు ఒకసారి తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన చోట పెన్ను ఎంత గట్టిగా నొక్కావో గాని కాగితం చిరిగింది. దీన్ని నువ్వే చదువుతావన్న ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను. వేరేవాళ్లు చదివే ఉత్తరమైతే ఇందులో సగం రాసేవాణ్ని కాదు.

మా కంపెనీకి ఇక్కడ సముద్రం ఒడ్డున కొత్త పని తగిలింది. ఈ అరబ్బు దేశంలో తంబూరా వాయించేవాళ్లందరినీ ఒకచోట చేర్చి మూడు రోజులు సభ పెడుతున్నారు. వాళ్లకు స్టేజీ, డేరాలు కట్టడం మా డ్యూటీ. పేరు తంబూరానే గాని మన భజనల్లోది కాదు. పెద్ద చెక్క గిన్నెకు తోలు బిగించి ఉంటుంది. అందులోంచి రెండు కర్రలు పైకి పోతాయి, వాటి మీద ఒక అడ్డకర్ర. అడ్డకర్ర నుంచి గిన్నె దాకా ఆరు తంతులు. మా ఇంజనీరు దాన్ని చూసి హార్ప్ అన్నాడు. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే వాళ్ల కోసం కూర్చుని వాయిస్తారట. పక్కన ఒకతను నడుముకు వందల మేక గిట్టలు కట్టుకుని ఊగుతుంటే అవి గలగలమంటాయి.

ఆ సభకు ముందుగా వచ్చినవాళ్లలో సాలిమ్ అనే ముసలాయన ఉన్నాడు. ఈ ఊరివాడే. మొన్న ఆయన తంబూరా ఎండలో ఉండి రెండు తంతులు పటుక్కున తెగాయి. మిగిలినవీ ఎండి పెట్లిపోయాయి. పేగుతో తంతులు వడికే మనిషి సూర్ అనే ఊళ్లో ఉండేవాడట, పోయినేడు చనిపోయాడట. ఇప్పుడందరూ చేపల గాలానికి వాడే నైలాన్ దారం కడుతున్నారు. సాలిమ్ మాత్రం వద్దన్నాడు. తంబూరా ఒళ్లో పెట్టుకుని మేం పని చేసే చోటే నీడలో కూర్చున్నాడు. మా పికప్ డ్రైవర్ బాబు మియా నిజామాబాద్ వాడు, అందరితో మాట కలుపుతాడు. వచ్చి చెప్పాడు: “బుడ్డాయన నిన్నటి సంది అన్నం ముడతలేడు నర్సింగ్. గీ దేశంల పేగు తంతి చేసేటోడే లేడంట.”

నేను కొడవలి పట్టక ముందే పేగు గీకడం నేర్చుకున్నవాణ్ని. నాన్న కిన్నెరకు ఇనుప తీగ కట్టనిచ్చేవాడు కాదు, నీకు తెలుసు. నాకు పని వచ్చు అని ఒక్క మాట చాలు. కాని సిమెంటు బస్తా ఎత్తుకుని అవతలికి పోయాను.

ఎందుకంటే వదినా, ఈ రూమ్‌లో ఎనిమిది మందిమి. నేను డక్కలివాణ్నని, మనది కిన్నెర వాయిస్తూ ఇల్లిల్లూ అడుక్కునే కులమని ఒక్కరికీ తెలియదు. వచ్చిన రోజే కాపోళ్లమని చెప్పాను. మూడేళ్ల నుంచి నా చేతి వంటే అందరూ తింటున్నారు. నేను పప్పు పోపు పెడితే గంగాప్రసాద్ పళ్లెం పట్టుకుని ముందే వచ్చి కూర్చుంటాడు. కోరుట్ల అతనిది. నాకు జ్వరం వస్తే నా డ్యూటీ కూడా తనే చేశాడు. పోయిన నెల తన చెల్లెలు శ్రీవాణి ఫోటో నా చేతిలో పెట్టి, “నీ అసొంటోడు మా ఇంటి అల్లుడైతే మాకింకేం గావాలె?” అన్నాడు. నాకంటూ ఎవరూ లేరని అంతకుముందే చెప్పి ఉన్నాను.

నేను సరేననబోతున్నాను. పెళ్లయ్యాక కోరుట్లలోనే ఉంటాను. మన ఊరికి రాను. మీరు ఆ పెళ్లికి రావద్దు. అన్నకు ఎట్లా చెబుతావో నువ్వే చెప్పు. నాకు పుట్టే పిల్లలైనా ఎవరి వాకిట్లోనూ చెప్పులు చేతబట్టుకుని నిలబడకూడదని నా ఆశ. తప్పని తెలుసు. తిట్టినా పడతాను.

నీ చేతి ముద్ద తిన్న,
నర్సింగ్.

*

ఖబూరా,
7-2-1992, శుక్రవారం.

ప్రేమగల వదినకు,

నీ దగ్గర నుంచి జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయం. అయినా రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో రాసిందంతా తలకిందులైంది.

ఆ ఉత్తరం పోస్టులో వేసి వస్తుంటే సాలిమ్ అదే నీడలో కూర్చుని ఉన్నాడు. తెగిన తంతి ముక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి నలుపుతున్నాడు. కిన్నెర తంతి తెగినప్పుడు నాన్న కూడా అట్లాగే చేసేవాడు. నా కాళ్లు ఆగిపోయాయి. బాబు మియాను వెతుక్కుని పోయి, “మేకపేగు దొరుకుతదా?” అని అడిగాను. అతను ఎందుకని అడగలేదు. మాంసం కొట్టు నుంచి రెండు మేకల పేగులు బకెట్లో తెచ్చిచ్చాడు.

స్టేజీ వెనకాల కూర్చుని కడిగాను. బూడిద నీళ్లలో నానబెట్టాను. కత్తి వెనక వైపుతో కొవ్వంతా గీకాను. పదిహేనేళ్లయింది ఆ పని చేసి, కాని వేళ్లు నన్ను అడగకుండానే చేసుకుపోయాయి. తడిగా ఉండగానే మెలిపెట్టి, రెండు ఇనుప పైపుల నడుమ లాగి కట్టి నీడన ఆరబెట్టాను. నాలుగు పోగులదొకటి, అయిదువి రెండు, అట్లా లావు పెంచుకుంటూ ఆరు తంతులు.

అన్నం టైముకు గంగాప్రసాద్ వచ్చి చూశాడు. వాసనకు ముక్కు మూసుకున్నాడు.

“గిదేం పనిరా? కాపోళ్ల పోరగానికి గిది ఎట్లొచ్చె?”

“మా ఊళ్లె ఒకాయన చేస్తుంటే చూసిన,” అన్నాను.

ఆ ఒకాయన నాన్న, వదినా.

తంతులు ఆరాక సాలిమ్‌కు ఇచ్చాను. ఒక్కొక్కటీ పెదవుల మధ్య పెట్టి తడిపి చూసుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని వేలి కొసలు తడిమాడు. ఆయనకు వచ్చిన ముక్కల హిందీలో, ఎవరు నేర్పారని అడిగాడు. చుట్టూ మనవాళ్లెవరూ లేరు. “నాన్న, అన్న,” అన్నాను. అన్న వాయిస్తాడా అంటే వాయిస్తాడన్నాను. అప్పుడాయన తన సంగతి చెప్పాడు. వాళ్ల తాతను చిన్నప్పుడు పడవలో తెచ్చి ఈ తీరాన బానిసగా అమ్మారట. ఆ తాత దగ్గర ఇంకేమీ లేకపోయినా చేతుల్లో ఈ విద్య ఉండిందట. “నన్ను ఎవరు అడిగినా తాత పేరుతో సహా చెబుతాను. అమ్మినవాళ్లు సిగ్గుపడాలి గాని నేనెందుకు పడాలి?” అన్నాడు. ఆయన సొంత సంగతి చెప్పుకున్నాడంతే, నాకు బుద్ధి చెప్పాలని కాదు. కాని నేను ఆయన మొహం చూడలేకపోయాను.

సభ మూడో రోజు సాయంత్రం సాలిమ్ వంతు వచ్చింది. మా కంపెనీ వాళ్లం స్టేజీ పక్కన నిలబడి ఉన్నాం. ఆయన వాయించినప్పుడు ఆ మోత చెవికి కాదు, కడుపుకు తగిలింది. నైలాన్ దారాల చప్పుడు విని విని ఉన్న మిగతా వాద్యకారులు లేచి నిలబడ్డారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చిన ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వాయించడం అయ్యాక సాలిమ్ మైకులో ఏదో అరబ్బీలో చెప్పి నా వైపు చెయ్యి చూపాడు. బాబు మియా వెనక నుంచి నన్ను నెట్టాడు. “తంతులు చేసినాయన ఎవలో, ఎవలోళ్లో పేరు చెప్పాల్నంట. ఇక్కడ గది మర్యాదంట. పో!”

స్టేజీ మీదికి పోయాను. ఎదురుగా వెయ్యి మంది దాకా ఉంటారు, తెల్లని బట్టల్లో. నేను ఏం చెప్పినా వాళ్లకు తెలియదు. ఏదో ఒక పేరు చెప్పి దిగిపోవచ్చు. తెలుగు తెలిసినవాళ్లు ఆ గుంపు మొత్తంలో మా రూమ్‌ వాళ్లు, బాబు మియా, అంతే. వాళ్లు స్టేజీ పక్కనే ఉన్నారు. గంగాప్రసాద్ నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు.

“నా పేరు నర్సింగ్. మా నాయిన డక్కలి మల్లయ్య. మా అన్న డక్కలి లచ్చన్న, కిన్నెర వాయిస్తడు. గీ పని వాళ్లే నేర్పిన్రు. నేను డక్కలోన్ని,” అన్నాను.

వెయ్యి మంది చప్పట్లు కొట్టారు. గంగాప్రసాద్ చేతులు ఆగిపోయాయి.

ఆ రాత్రి రూమ్‌కు పోయాం. నేను పొద్దున వండిన అన్నం గిన్నెలోనే ఉంది. ఇద్దరు తమ పళ్లేలు, గ్లాసులు తీసి వేరే పెట్టుకున్నారు. గంగాప్రసాద్ మాత్రం నా మంచం ముందు నిలబడ్డాడు.

“మా చెల్లె ఫోటో నీ చేతుల పెట్టిన గదరా! అప్పుడన్న చెప్పకపోతివా?”

“చెప్తే ఇస్తుంటివా?”

“ఇయ్యకపోతుంటి. అబద్ధమెందుకు? గని నీతోని తినుడు బంద్ చేస్తుంటినో లేదో, గది నాకే తెల్వదు. గది తెలుసుకునే మోకా సుత నువ్వు నాకియ్యలేదు.” అంటూనే ఏడ్చాడు. ఫోటో తిరిగి ఇచ్చేశాను. ఆ పూట అతను అన్నం తినలేదు. నా వంట మీద అసహ్యమో, నా మీద కోపమో, రెండూనో. అడిగే హక్కు నాకు లేదు. ఇప్పుడు నేను బాబు మియా రూమ్‌లో ఉంటున్నాను.

ఇక నీకు చెప్పని మాట ఒకటుంది వదినా. అన్న కూడా నీకు చెప్పి ఉండడు. నేను బయలుదేరిన రోజు జగిత్యాల బస్టాండ్‌లో గంగాప్రసాద్‌ వాళ్లతో నిలబడి ఉంటే, అన్న కిన్నెర భుజానేసుకుని వచ్చాడు. మా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. “ఎవలురా?” అన్నాడు గంగాప్రసాద్. “ఎవలో అడుక్కునేటాయన,” అని జేబులోంచి రూపాయి తీసి అన్న చేతిలో వేశాను. నా సొంత అన్న చేతిలో. “సల్లగ పోయిరా బిడ్డా,” అన్నాడు, ఎవరినో దీవించినట్టు. బస్సు కదిలాక కూడా నేను వెనక్కి చూడలేదు.

ఇది అన్నకు చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా వదలకు.

మొహం చూపలేని,
డక్కలి నర్సింగ్.

*

పోతారం,
2-3-1992.

మరిది నర్సింగ్‌కు,

నేను, మీ అన్న బాగున్నాము. నువ్వు బాగున్నావని తలుస్తాను.

మొదటి ఉత్తరం వచ్చిన రోజు, చదువు ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది. మీ అన్న ఎదురుగా కూర్చుని, “ఏం రాసిండు, చదువు,” అంటుంటే పెళ్లికి రావద్దన్న మాట దాటేసి ముసలాయన సంగతి ఒక్కటే చదివాను. చదువుతో నేను చేసిన మొదటి పని అబద్ధమాడటం. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. చెయ్యి రాలేదు.

రెండో ఉత్తరం వచ్చాక రెండు రోజులు దాచుకున్నాను. తర్వాత రెండూ తీసి, మొదటిదాంట్లో దాటేసిందీ, రెండోదాంట్లో ఉన్నదీ ఒక్క ముక్క వదలకుండా చదివాను. నాకు ఒత్తు అక్షరాలు ఇంకా సరిగా రావు, అందుకని చాలాసేపు పట్టింది. చివరికి బస్టాండ్ సంగతి చదివాను. మీ అన్న అప్పటిదాకా తల వంచుకుని విన్నవాడు, అక్కడ నన్ను ఆపాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

“వానికి గది తప్పుగ సమజైంది. అడుక్కునేటోని లెక్క నేనే పోయిన. అన్నను అని పోతే వానోళ్ల ముంగట వాని ఇజ్జత్ పోతది. పోకుంటే నా మనసు ఒప్పది. చెయ్యి చాపితే దగ్గర నిలబడొచ్చని, వాని చెయ్యి తగులుతదని ఇంటికాన్నే అనుకొని పోయిన. వాడు రూపాయి ఏసినందుకు నాకు రంది లేదు. మొఖం సూడకపాయె. గంతే.”

ఇన్నేళ్లు నా పక్కనే ఉండి ఈ మాట నాకు చెప్పలేదు నర్సింగ్. ఆ రోజు ఇంటికి వచ్చి, జగిత్యాలలో పని ఉండి పోయానన్నాడు. నేను నమ్మాను.

ఆ తర్వాత ముసలాయన సంగతి మళ్లీ చదవమన్నాడు. తంతుల సంగతి అయితే నాలుగుసార్లు చదివించుకున్నాడు. సముద్రపు గాలికి తడి పట్టి పేగు సాగదా, అయిదు పోగులది ఎన్నాళ్లు నిలిచింది, ఆ ముసలాయన గోటితో మీటుతాడా వేలితోనా, ఇవన్నీ అడిగి రాయమన్నాడు. నువ్వు మైకులో నాన్న పేరు చెప్పిన చోటికి వచ్చేసరికి లేచి బయటికి పోయాడు. చాలాసేపటికి వచ్చి, అన్నం పెట్టమన్నాడు.

మీ అన్నకు నీ మీద కోపం లేదు. ఎన్నడూ లేదట. నాకుంది. నీకు మూడేళ్లప్పుడు ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. నాకంటూ ఎవరూ లేరని నువ్వు చెప్పినప్పుడు ఆ ఎవరూలో నేనూ ఉన్నాను. ఆ పిల్ల శ్రీవాణికి ఎంత మోసం జరిగేదో అది కూడా నువ్వు ఆలోచించలేదు. గంగాప్రసాద్‌కు నా పేరు కూడా చేర్చి ఉత్తరం రాసి క్షమించమని అడుగు. అడగవలసినది నువ్వే గాని, పెంచినదాన్ని కాబట్టి నేనూ అడుగుతున్నాను.

నా కోపం ఉత్తరాలతో పోయేది కాదు. సెలవు దొరకగానే రా. నా ముందు కూర్చుని తిను. నేను తిట్టేవన్నీ తిట్టుకుంటాను, నువ్వు తలవంచి తింటుండు. ఎప్పటికి తగ్గుతుందో చూద్దాం.

నీ వదిన,
డక్కలి దేవవ్వ.
(రాసింది నేనే.)