త్రీ నాట్ ఎయిట్ ఎందుకు ఉంచుకున్నానంటే

టెక్సస్ రాష్ట్రం, ఇర్వింగ్ నగరంలో కాపురముంటున్న నేలపూడి సత్యానందం అనే నేను, డెబ్బై రెండేళ్ళ వయసులో, పొద్దున్న కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగానే ఉంది. అనుమానమున్నవాళ్ళు వచ్చి పదమూడో ఎక్కం అడగవచ్చు. వచ్చే గురువారం నాకు గుండె ఆపరేషన్. డాక్టర్లు భయం లేదన్నారు, నాకూ లేదు. ఇంతకుముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, రెండు కార్లు నా భార్య దీనమ్మకు సర్వహక్కులతో చెందుతాయి. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా ఆమెదే. నలభై నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో అమలవుతున్నది ఆమె మాటే కనుక కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. గరాజ్‌లోని డీప్ ఫ్రీజర్ కూడా ఆమెదే. ఆమె జింక మాంసంలో గోంగూర వేసి వండి చర్చికి పట్టుకెళ్తే, మూడేసిసార్లు వడ్డించుకుని, చేతులు కడుక్కున్నాక నీచు వాసనన్నవాళ్ళున్నారు. వాళ్ళకు ఆ ఫ్రీజర్‌లోంచి ఒక్క ముక్క వెళ్ళకూడదు. వాళ్ళెవరో దీనమ్మకు తెలుసు.

2. సన్నీవేల్‌లో ఉంటున్న నా కొడుకు సైలస్‌కు నా లేత్ మెషీన్, మైక్రోమీటర్లు. తుపాకులంటే వాడికి గిట్టదు. ఫోన్ చేసినప్పుడల్లా "సేల్ చేసేయండి డాడీ, ఎందుకవన్నీ" అంటాడు. వాడి అభిప్రాయం వాడిది, నాకు కోపం లేదు. ఆరో క్లాసులో సైన్స్ ఫెయిర్ కోసం నా పక్కన స్టూలెక్కి నిలబడి తిప్పిన లేత్ అది. వాడికి గుర్తుందో లేదో, నాకుంది.

3. ఇక తుపాకీ. ఇప్పుడు నాకున్నది ఒక్కటే, త్రీ నాట్ ఎయిట్ రైఫిల్. అది నా కూతురు క్రిస్టీకి. తన భుజానికి సరిపోయేలా చూసి కొన్నదే, నాకంటే తనే ఎక్కువ కాల్చింది. క్రిస్టీ ఇర్వింగ్‌లోనే ఫార్మసిస్టు, మా ఇంటికి పది నిమిషాల దూరం. అయినా పంతొమ్మిది నెలలుగా నా గరాజ్‌లో అడుగు పెట్టలేదు. ఆదివారం చర్చిలో "వందనాలు డాడీ" అంటుంది, అంతే. ఈ తుపాకీ తను తీసుకుంటుందో లేదో నాకు తెలియదు. ఈ కాగితం మొత్తంలో నాకు తెలియనిది అదొక్కటే.

4. ముప్పై ఐదేళ్ళు నా దగ్గరున్న థర్టీ నాట్ సిక్స్ రైఫిల్‌ను వదులుకుని ఇది ఉంచుకోవడమేమిటని అందరూ అడిగారు. వివరం ఇది. తూటాలు నేనూ క్రిస్టీ ఇంట్లోనే తయారుచేసుకునేవాళ్ళం. ఒకసారి పేలిన ఇత్తడి గొట్టాన్నే మళ్ళీ సైజుకు తెచ్చి, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ నొక్కి, తుపాకి మందు తూచి పోసి, పైన గుండు బిగించడం. తూచేది క్రిస్టీ. 2013లో తుపాకుల మీద ఆంక్షలొస్తాయన్న భయంతో జనం ఎగబడి కొనేసరికి షాపుల్లో ఏమీ లేకుండా పోయింది. తెల్లవారకముందే వెళ్ళి క్యూలో నిలబడితే మనిషికి ఒక్క డబ్బా మందు, అదీ అదృష్టం బాగుంటే. ప్రైమర్లు కంటికి కూడా కనబడలేదు. ఉన్న కాస్త సామానుతో రెండు తుపాకుల్ని పోషించలేం. గుండు రెండింటికీ ఒకటే సరిపోతుంది, తేడా అంతా మందులోనే. ఒక పౌండు మందుతో త్రీ నాట్ ఎయిట్‌కి దాదాపు నూట యాభై తూటాలొస్తే, థర్టీ నాట్ సిక్స్‌కి నూట పాతిక. నా మిత్రుడు డాక్టర్ రాధాకృష్ణ నెత్తిన పెట్టుకునే సెవెన్ ఎమ్మెమ్ మాగ్నమ్ రైఫిల్‌కి నూరు వస్తే గొప్ప. పైగా పోలీసులూ సైన్యమూ వాడే సైజు కనుక షాపుల్లోకి ముందు తిరిగొచ్చేదీ ఇదే, షూటింగ్ రేంజ్‌లో వంగి ఏరుకుంటే ఖాళీ గొట్టాలు దొరికేదీ దీనికే. రెండు వందల గజాల దూరంలో నిలబడిన జింకకు ఈ తేడాలేవీ తెలియవు. రాధాకృష్ణ ఇప్పటికీ ఒప్పుకోడు. అతను గుండె డాక్టరు, లెక్కల మాస్టారు కాడు.

అందుకని ఫోర్ట్‌వర్త్ గన్ షోలో థర్టీ నాట్ సిక్స్ ఇచ్చేసి, బదులుగా వెయ్యి ప్రైమర్లు, నాలుగు డబ్బాల మందు తెచ్చాను. నాకు మతి పోయిందంది దీనమ్మ. ఆ మాటను పట్టుకుని ఏ లాయరూ ఈ వీలునామాను కొట్టేయించకూడదు.

5. ఆ సామానుతో నేనొక్కణ్ణే చేసిన నాలుగు వందల తూటాలు, వాటిని బిగించే ప్రెస్సు, తూనిక, మిగిలిన మందు కూడా క్రిస్టీకే. ప్రతి పెట్టె మీద మందు పేరు, తూకం, తేదీ రాసి ఉన్నాయి. మందంతా కొన్న డబ్బాల్లోనే ఉంది.

6. ఇప్పుడు సీసా సంగతి. మన ఇళ్ళలో ఖాళీ అయిన సీసా పారేయడం ఎవరికీ చేతకాదు, కడిగి అటక మీద పెడతాం. 2013 మార్చిలో గరాజ్‌లో తూటాలు చేసే నా బెంచీ మీద ఒక పచ్చడి సీసా నిండా మందు కనబడింది. చీటీ లేదు. వంటింట్లోనైతే వాసన చూసి ధనియాల పొడో కారమో చెప్పొచ్చు. తుపాకి మందులు చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే తుపాకీ మన మొహం మీదే పేలుతుంది. అంత కరువులో అదంతా పెరట్లో గడ్డి మీద చల్లేయవలసి వచ్చింది. భోజనానికొచ్చిన రాధాకృష్ణ, అతని భార్య ఉమామహేశ్వరి చూస్తుండగా క్రిస్టీని నిలబెట్టి, నీ నిర్లక్ష్యంతో ఎవరినో చంపేస్తావు, ఇంక నా బెంచీ ముట్టుకోవద్దు అని కేకలేశాను. రోజూ వందల మందికి మందులిచ్చే పిల్లని. "నేను కాదు డాడీ" అంది, ఒక్కసారే. కారెక్కి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత లాన్ మోవర్ వెనక మూత విరిగిన ఖాళీ మందు డబ్బా దొరికింది. అప్పుడు గుర్తొచ్చింది. మూత విరిగితే మందు సీసాలోకి పోసింది నేను. చీటీ రాసేలోపు దీనమ్మ అన్నానికి పిలిచింది, వెళ్ళాను, మర్చిపోయాను. ఆ డబ్బాను చెత్తలో అడుగున పెట్టి ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది. విమాన భాగాల ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు అందరి తప్పులూ పట్టినవాణ్ణి, నా తప్పు దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. నా తుపాకీ ఇచ్చేసి తన తుపాకీ ఉంచితే తనే అర్థం చేసుకుంటుందనుకున్నాను. ఎలా చేసుకుంటుంది? నేను చెప్పలేదుగా.

7. క్రిస్టీ, ఆ సీసా నాది. నువ్వు చెప్పిందే నిజం. నన్ను క్షమించమ్మా.

ఆ రోజు నా కేకలు విన్న ఇద్దరినే సాక్షులుగా పిలిచి, పై పేరా వాళ్ళకు నేనే చదివి వినిపించాను. తుపాకీ నీకు వద్దనిపిస్తే ఎవరికైనా ఇచ్చేయి, షరతేమీ లేదు. బతికున్నంతకాలం ఈ వీలునామాను మార్చుకునే హక్కు చట్టం నాకిచ్చింది. ఈ ఏడో అంశాన్ని మార్చే హక్కును మాత్రం ఈ రోజుతో వదులుకుంటున్నాను. నేను పోయాక నువ్విది చదవడం నాకిష్టం లేదు. సంతకాలయ్యాక నకలు నేనే డ్రైవ్ చేసుకుని తెచ్చి నీ చేతికిస్తాను. నువ్వు చదవడం పూర్తయ్యేదాకా గుమ్మంలోనే నిలబడతాను.

ఇర్వింగ్, టెక్సస్
2014 అక్టోబరు 18, శనివారం

(సంతకం) నేలపూడి సత్యానందం

సాక్షులు:
1. డాక్టర్ రాధాకృష్ణ
2. ఉమామహేశ్వరి