కుండలున్న చోట రాజుగారు

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఇది మీకు అందదని తెలిసే రాస్తున్నాను.

గన్నవరం బస్సు ఆగే చోట ఏటా మనం పెట్టే చలివేంద్రం ఈ వేసవిలో లేదు. అక్కడ అశోకుడి విగ్రహం పెట్టారు. బాటల వెంట నూతులు తవ్వించిన రాజు ఆయన, మనం నాలుగు కుండలు పెట్టలేమా అంటూనే మీరు ఆ చలివేంద్రం మొదలుపెట్టారు. మొదటి ఏడాది నీళ్ళు పోసేది నేనని చూసి కొందరు తాగకుండానే వెళ్ళిపోయారు. మర్నాడు కూడా మీరు ముంత నా చేతికే ఇచ్చారు.

ఈ వేసవి మొదట్లో పందిరి వెయ్యగానే విగ్రహం కమిటీవాళ్ళు వచ్చారు.

"బాబాయ్, పందిరి తీసెయ్యాలండి. విగ్రహం కనపడట్లేదు."

"మరి నీళ్ళో?"

"కూల్‌డ్రింక్ షాపు ఉందిగా అండీ."

ఆవిష్కరణ రోజున ఆ రాజుది ఏ కులమో తేలక వేదిక మీదే వాదులాడుకున్నారు. నూతుల మాట ఎవరూ ఎత్తలేదు.

ఈ మధ్యాహ్నం ఒక ముసలామె బస్సు దిగి, విగ్రహం పక్కన కూర్చున్న నా దగ్గరికే అలవాటుగా వచ్చింది.

"నీళ్ళు లేవా బాబూ?"

"లేవండి. రాజుగారొచ్చేరు" అన్నాను.

ఆమె తలెత్తి విగ్రహాన్ని చూసి, రెండు చేతులూ జోడించింది.