తలుపు గురించి నేను చెప్పిన "అవును"

సరఫరా గొలుసు చట్టం కింద ఫిర్యాదులు విచారించు అధికారి గారికి, జర్మనీ.
ఢాకా దగ్గరి ఆశులియా నుండి కుట్టు కార్మికుడు అబ్దుల్ మొతాలెబ్ విన్నపం.

అయ్యా,

విషయం: నాలుగో అంతస్తు తలుపు గురించి నేనిచ్చిన జవాబును రద్దు చేయుట.

తమ దేశపు కంపెనీకి చొక్కాలు కుట్టే మా ఫ్యాక్టరీలో మంటలు లేచి నా భార్య మర్జినా చనిపోయినదని, తమ కంపెనీలకు సరుకు చేసే పరదేశపు కార్మికులకూ ఆ చట్టం వర్తించునని విని ఫిర్యాదు చేసుకొనియుంటిని. "తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని తనిఖీదారుకు మీరే చెప్పియున్నారు, సంజాయిషీ ఇవ్వగలరు" అని తమరు వ్రాసితిరి. సంజాయిషీ యేమనగా:

1. నేను అలా చెప్పిన మాట వాస్తవము. తలుపు తీసి ఉండుట అబద్ధము. బట్ట దొంగిలిస్తామని దానికి ఎల్లవేళలా తాళమే.

2. సరుకు కొనే బయ్యరు మనుషులు తనిఖీకి వచ్చే ముందు మా చేత జవాబులు వల్లె వేయించుట ఇక్కడి ఆనవాయితీ. "మొతాలెబ్ మియా, నువ్వు నసిగావంటే ఆర్డరు పోతుంది. అందరి పొట్టా కొట్టినవాడివవుతావ్" అని మా కుట్టు వరుసను చూసే లైన్ చీఫ్ హెచ్చరించెను. నాకు అబద్ధానికి నోరు తిరగదు. అందువలన మర్జినాయే ఇంట్లో నేర్పినది. పప్పు కలుపుతూ గరిటె నా వైపు చూపి, "తలుపు తీసే ఉంటుందా?" అని అడిగేది.

"ఆ... అవునండీ."

"ఆ ఏడుపు మొహమేంటయ్యా! పెళ్ళినాడూ ఇట్టాగే కూచున్నావ్. నవ్వుతూ చెప్పు!"

3. మేనేజరు గదిలో, మేనేజరు ఎదుటనే, నవ్వుతూ చెప్పితిని. తనిఖీదారు వ్రాసుకొనెను. పదకొండు వారాలకు పొగ వచ్చినది. నేను మూడో అంతస్తులో ఉన్నాను, మర్జినా నాలుగో అంతస్తులో పనిలో ఉంది. పైన తలుపు బాదడం విన్నాను, అయ్యా. మెట్లెక్కి ఇవతలి నుంచి నేనూ బాదాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేదు. కాసేపటికి అవతల బాదడం ఆగిపోయింది.

4. "నీ నోటితోనే నా బిడ్డను చంపుకున్నావురా" అని మా అత్తగారు అన్నది. ఇది తమ చట్టం కిందికి రాదని ఎరుగుదును.

కావున సదరు "అవును"ను కొట్టివేసి, తాళం వేసినవారిని, వేయించినవారిని విచారించ ప్రార్థన. నాకు వేరే కోరిక లేదు. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అబ్దుల్ మొతాలెబ్,
కాలర్ల విభాగం.

తా.క.: నిన్న కొత్త తలుపు బిగించారు. తాళం కూడా కొత్తదే. మంగళవారం బయ్యరు వస్తున్నాడట. కిందటిసారి బాగా చెప్పానని మళ్ళీ నన్నే ఎంచారు. ఆ అంతస్తులో ఇప్పుడు నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. పని పోతే పోనీ. ఈసారి "అవును" అని చెప్పను, అయ్యా. ఎవరైనా ఆ రోజు వచ్చి, నన్ను ఆ తలుపు దగ్గర నిలబెట్టి అడగండి.