నీ లిస్టులో మొదటి సినిమా

ఖాదరూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మీ అమ్మాయి పటమట నుంచి వచ్చి, నీకు బాగా నచ్చిన పది సినిమాల పేర్లు నువ్వే రాసిపెట్టుకున్న కాగితం నాకిచ్చింది. యుద్ధాలవీ, దొంగలవీ, నువ్వు పొగిడేవన్నీ ఉన్నాయి. వాటన్నిటికీ పైన ఆ అత్తాకోడళ్ళ సినిమా ఉంది.

అది చూసి నేను కళ్ళు తుడుచుకున్నానని, ఆటోనగర్ టీకొట్టు దగ్గర అందరి ముందూ ఏమన్నావు? "ఇన్ని పుస్తకాలు చదివి ఆడాళ్ళ సినిమాకి ఏడుస్తావట్రా? వీడికో చీర కట్టండి." అందరూ నవ్వారు. ఆ సినిమా పేరు మళ్ళీ నా నోట రాలేదు.

"టీవీలో అదొస్తే డాడీ గది తలుపేసుకునేవారు చాచా. కళ్ళెర్రగా బయటికొచ్చేవారు" అంది మీ అమ్మాయి.

నీ మాటకి జడిసి ముప్ఫై ఏళ్ళు నేను దాన్ని చూడలేదు. నువ్వు మాత్రం చూస్తూనే ఉన్నావు.