మూడు రకాలుగా రాసిన మా ఇంటిపేరు

గుర్తింపు కార్డులో ఖలాఫ్ మన్‌కూరీగా ఉన్న నేను, పడవల వడ్రంగిని, డెబ్బై ఒక్కేళ్లవాణ్ణి, అలెగ్జాండ్రియాలోని నా ఇంట్లో కూర్చుని, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా. దీన్ని అమలు జరిపే భారం మా మసీదు ఇమాము షేక్ బద్‌రాన్‌ది.

1. ఇల్లు, పనిశాల షరియతు వాటాల ప్రకారం నా భార్య సనియ్యాకు, కొడుకుకు చెందుతాయి. సనియ్యా, యాభై ఏళ్లు నీతో అబద్ధపు పేరుతో కాపురం చేశాను. క్షమించు.

2. బావమరిది ఫరాగ్‌కు, కాఫీ దుకాణంలో గోడకు ఆనించి ఉండే నా సొంత కుర్చీ. గుమ్మానికి వీపు పెట్టి కూర్చోలేనని నన్ను నలభై ఏళ్లుగా పిరికిపందను చేసి నలుగురిలో నవ్వాడు. ఇక వాడే కూర్చోవచ్చు.

3. మనవడు హాతిమ్‌కు నా బాడిస. పిడి వదులైంది, బిగించుకోవాలి.

4. మనవరాలు నవాల్‌కు మా నాన్న పొలం కాగితం, మా అన్న సైన్యం పత్రం, నా కార్డు. తల్లీ, నువ్వు పసిగట్టినట్టే వాటిలో ఉన్న మన్‌ఖూరీ, మంఖర్, మన్‌కూరీ మూడూ ఒకే ఇంటిపేరు. మా అన్న పత్రంలోది గుమస్తా పొరపాటు. నాది పొరపాటు కాదు. దక్షిణాన సొహాగ్ దగ్గర మా పల్లెలో పొలం నీటి వంతు దగ్గర గొడవపడి, పందొమ్మిదేళ్లప్పుడు అవద్ అనే మనిషిని పారతో కొట్టి చంపాను. పారిపోయి వచ్చి కావాలనే పేరు మార్చి రాయించుకున్నాను.

వంశవృక్షమంటూ నువ్వు ఆ మూడు పేర్లనూ కలిపి ఇంటర్నెట్టులో పెట్టావు. పోయిన శుక్రవారం భోజనాల దగ్గర సంబరంగా చెప్పావు: "తాతా, సొహాగ్ నుంచి ఎవరో అవద్ మనవడట, రాశాడు. మీ ఇంట్లో మగపిల్లలెంతమంది అని అడిగాడు. మన చుట్టాలే అయ్యుంటారు, ఫోటో పంపించేశా."

ఆ ఫోటోలో హాతిమ్ ఉన్నాడు. మా వైపు హంతకుడు ముసలివాడైతే వాడి ఇంటి కుర్రవాడిమీద పగ తీర్చుకుంటారు. నీ తప్పేం లేదు, చెప్పకుండా దాచింది నేను.

5. నా శవానికి చుట్టే కఫన్ గుడ్డ మీరు కొనక్కర్లేదు. నేనే కొన్నాను. రేపు పొద్దున రైలెక్కి వెళ్లి, ఊరంతా చూస్తుండగా దాన్ని రెండు చేతులమీదా మోసుకుంటూ, చెప్పుల్లేకుండా అవద్ వాళ్ల గుమ్మానికి నడుస్తాను. అలా వచ్చినవాణ్ణి క్షమించడం అక్కడి ఆచారం. క్షమించకపోతే నేనొక్కణ్ణే పోతాను. ఏది జరిగినా పగ అక్కడితో సరి. హాతిమ్ నా వెనక రాకూడదు, నా కోసం ఎవరిమీదా చెయ్యెత్తకూడదు.

6. రైలు కదిలాకే షేక్ బద్‌రాన్ దీన్ని ఇంట్లో చదవాలి. ఆ తర్వాత నవాల్ ఆ అవద్ మనవడికి ఒక్క మాట రాయాలి: "మీరు వెతుకుతున్న మనిషి తనే వస్తున్నాడు. పిల్లల జోలికి రాకండి."

2009 మార్చి 12
ఖలాఫ్ (సంతకం)
సాక్షులు: షేక్ బద్‌రాన్, వలల దుకాణం లబీబ్