మీసం పెంచినప్పటి నుంచి

చిరంజీవి పిడుగుకి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే ఇద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరి వాలకం మీద నాకు అనుమానం ఉంది కాబట్టి ఆ సంగతి కింద రాస్తాను. నువ్వు వేళకి తింటున్నావని, జలుబు తగ్గిందని తలుస్తాను.

నీ ఉత్తరం చేరింది. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే మాత్రం ఏముంది, నువ్వు కూడా మీ నాన్నలాగే గొణుగుతున్నావు. కాగితం మీద అయితే ఎవరూ గొణగలేరు. దానికి అసలు జవాబు చివర్లో ఉంది, ముందే కిందికి చూడకు.

"నాన్న మీద అనుమానం ఎప్పుడు మొదలైంది?" అన్నావు. మీసం పెంచినప్పటి నుంచి. లిఫ్టులు బాగుచేస్తూ ఒళ్ళంతా గ్రీజు పూసుకుని తిరిగే మనిషికి ఈ వయసులో మూతి మీద ఆ చీపురు దేనికి? అది మొలిచాక మనిషే మారిపోయాడు. మాట నమిలి మింగుతాడు. సాయంత్రం బయటికి వెళ్తూ తలుపు దగ్గర నాకు వీపు పెట్టి ఏదో గొణుగుతాడు. తిట్టే అయివుంటుంది. మెట్ల మీద, పైవాటాలో ఉండే ఆసుపత్రి నర్సమ్మతో గుసగుసలు. నేను కనపడగానే ఇద్దరూ నోరు మూసుకుంటారు. నీకు తెలుసుగా, మా నేత షెడ్డులో మగ్గాల రొదకి ఎవరి మాటా వినపడదు, పెదవులు చూసే మాట్లాడుకుంటాం. ఆ చివర మేస్త్రీ పెదవి కదిపితే ఈ చివర నాకు తెలిసిపోతుంది. అలాంటి నా దగ్గరా దాపరికం?

ఒకే మనిషిని చూడటానికి నువ్వు కాలేజీలో చదివే మనస్తత్వశాస్త్రంలో చాలా దృక్పథాలున్నాయని, నాన్నని ఒక్కోదాని నుంచీ చూడమని పాఠమంతా రాసి పంపావు. ముందు నాకు నీ పుస్తకం మీదే అనుమానం వచ్చింది. ఒక్క మొగుడికి ఇన్ని సిద్ధాంతాలా? తర్వాత మా షెడ్డే గుర్తొచ్చింది. మగ్గం ఆగితే కరెంటువాడు మోటారంటాడు, మేస్త్రీ నూలంటాడు, ఫిట్టరు పళ్ళచక్రమంటాడు. ఎవరి చేతిలోని పనిముట్టుకి తగ్గ రోగం వాళ్ళకి కనపడుతుంది. సరే, చూద్దామనుకున్నాను.

మనోవిశ్లేషణతో మొదలుపెట్టాను. మనిషికే తెలియని భయాలూ కోరికలూ మనసు అడుగున ఉంటాయని, చిన్నతనంలోంచి వస్తాయని రాశావు కదా. మీ మేనత్తని కూర్చోబెట్టి కూపీ లాగాను. "మా నాన్నకి ఇంత మీసం ఉండేది వదినా. అది చూస్తే అన్నయ్యకి హడల్" అంది. అంటే ఆ భయాన్నే మూతి మీద మొలిపించుకున్నాడా? బాగానే ఉంది. మరి గొణుగుడు దేనికి?

ప్రవర్తనావాదం నాకు నచ్చింది. లోపలేముందో తవ్వక్కర్లేదు, చేసే పని చూడాలి, మంచి పనికి బహుమానం ఇస్తే అదే అలవాటవుతుంది. నా మొహం చూసి గట్టిగా మాట్లాడితే చిక్కటి టీ, గొణిగితే చల్లారిన టీ. మీ నాన్న మాట మార్చుకోలేదు, టీ బయట తాగి రావడం నేర్చుకున్నాడు. ఆ టీ ఎవరు పోస్తున్నారో అని నాకు ఇంకో అనుమానం పట్టుకుంది.

సంజ్ఞానాత్మక దృక్పథం దగ్గర నీ మీదే ఒళ్ళు మండింది. "జరిగినదాని కంటే, మనసు దానికి కట్టే అర్థమే మనల్ని నడిపిస్తుందమ్మా" అని కింద గీత గీసి మరీ రాశావు. గీత దేనికి? తప్పు నాదనా? నువ్వూ మీ నాన్న పార్టీయేనని ఆ కాగితం మడిచి పడేశాను. దాని వెనకవైపు శరీరం, మెదడు, నరాల గురించి రాసింది కూడా చదవలేదు. మనసు సంగతి అడిగితే నరాల గొడవెందుకులే అనుకున్నాను.

మిగిలింది మానవతావాదం. తప్పు పట్టకుండా, అడ్డు తగలకుండా ఎదుటివాళ్ళ మనసు వినమన్నావు. ఆదివారం ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "ఏమయ్యా, నీ మనసులో ఏముందో చెప్పు, నేనేమీ అనను" అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ఏదో చెప్పాడు. మీసం కదులుతోంది, అంతే. ఒక్క ముక్క అందలేదు. ఇంత మెత్తగా అడిగినా గొణుగుడేనా! లేచి వెళ్ళి బట్టలు సర్దుకున్నాను. అక్క ఇంటికి పోదామని, మళ్ళీ ఈ గడప తొక్కకూడదని.

బ్యాగు జిప్పు లాగుతుంటే భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి చూస్తే నర్సమ్మ. మీ నాన్నే పైకి పరిగెత్తి పిలుచుకొచ్చాడట. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడి, "గుమ్మం దగ్గర్నుంచి పిలుస్తూనే ఉన్నానక్కా. మీ వెనకే నిలబడి కూడా పిలిచాను. మీకు వినపడలేదు" అంది. ఆమె వెనక మీ నాన్న, కళ్ళనిండా నీళ్ళు.

పిడుగూ, నాకు చెవులు పోతున్నాయే. మగ్గాల రొద ఇన్నేళ్ళుగా తినేసిందని చెవి డాక్టరు చెప్పాడు. పెదవులు చూసి మాట పట్టే అలవాటు ఉండబట్టి నాకే తెలియలేదు. బతికే చోటు, చుట్టూ ఉన్న జనం కూడా మనిషిని తయారుచేస్తారని రాశావే, అదీ నిజమే. మొహం కనపడితే విన్నాననుకున్నాను, కనపడకపోతే గొణిగారనుకున్నాను. మీ నాన్నకి మీసం గుబురై పెదవులు మూసేసేసరికి, ఇటు నాకు చెవుడు ముదిరింది. అన్ని దృక్పథాల నుంచీ ఆయన్నే చూశాను. చూసే నా సంగతేమిటని ఒక్కసారీ అడగలేదు.

అయినా వాళ్ళిద్దరూ గుసగుసలాడింది నా గురించే, అందులో నేను పొరపడలేదు. "నీకు చెవుడొచ్చిందంటే, నిన్ను పని మాన్పించడానికి వంక పెట్టానంటావని భయమేసిందే. కిటికీ దగ్గర చెప్పింది అదే కదా" అన్నాడు మీ నాన్న.

మర్నాడు ఎవరూ అడక్కుండానే మూతి నున్నగా గీయించుకొచ్చాడు. పెంకు తీసిన గుడ్డులా ఉన్నాడు. సాయంత్రం వెళ్తూ తలుపు దగ్గర ఆగి, నా వైపు తిరిగి పెదవులు కదిపాడు. "తలుపేసుకో. తొందరగా వచ్చేస్తా." రోజూ అనేది అదేనట. దానికి ఇన్నాళ్ళూ నేను మనసులో ఎన్ని శాపనార్థాలు పెట్టానో! చాలా సిగ్గేసింది.

చెవికి యంత్రం పెడతారు. మిల్లులో నన్ను బట్ట మడతపెట్టే గదికి మారుస్తామన్నారు. నువ్వు శరీరం గురించి రాసింది ఇప్పుడు విప్పి చదివాను. ముందే చదవాల్సింది.

ఇక ఫోన్ సంగతి. ఫోన్‌లో నీ మొహం ఉండదు కదా. నీ గొంతు ఎక్కడో గాలి ఊదినట్టు వచ్చేది. నా పిల్లకి నాతో మాట్లాడటం ఇష్టం లేదు, మొక్కుబడికి గొణిగి పెట్టేస్తోంది అనుకున్నాను. ఆ ఊహ తట్టుకోలేక ఎత్తడం మానేశాను. మీ నాన్న మీద అనుమానాలు నీకు పేజీలకు పేజీలు రాశాను గానీ, ఇది మాత్రం రాయలేకపోయాను.

సెలవులకి వచ్చినప్పుడు వంటింట్లో నా వెనక చేరి కబుర్లు చెప్పకు. ముందుకొచ్చి వెలుతురులో కూర్చో. కిందటిసారి నేను అంట్లు తోముతుంటే నా వీపు వెనక చాలాసేపు ఏదో చెప్పి, నేను పలక్కపోతే చిన్నబోయి వెళ్ళిపోయావు. అదంతా నాకు మళ్ళీ మొదటి నుంచి చెప్పు.

ఇట్లు,
నీ మొహం కోసం చూస్తున్న
అమ్మ